నాన్న పోలిక

ఆ లిఫ్టు మెకానిక్‌ని ఇంట్లోవాళ్ళు చిన్నప్పటి నుంచీ జిరాక్స్ అనే పిలిచేవాళ్ళు. తండ్రి ముఖాన్ని ఒక్క గీత తప్పకుండా దించేసినట్టుండేవాడు మరి. అవే గుబురు కనుబొమలు, గడ్డం మధ్యలో అదే నొక్కు, కుడిచెవి పైఅంచున అదే మడత. ఆఖరికి నవ్వినప్పుడు ముందు ఒక కన్ను మూసి, ఆ తర్వాత రెండోది మూయడం కూడా ఆయన దగ్గర్నుంచి వచ్చిందే. అతని కంటే నాలుగేళ్ళు పెద్దదైన అక్క మాత్రం పూర్తిగా తల్లి పోలిక. పల్చటి కనుబొమలు, కోల ముఖం. "నీకు నాన్న ముఖమొచ్చింది, నాకు నాన్న నోరొచ్చింది," అనేది అక్క. ఆ మాట నిజమే. ఆవిడ నోటి ముందు నిలబడి గెలిచినవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు.

ముద్దుగా పెట్టిన ఆ పేరు తండ్రి పోయిన రోజున అతనికి శాపమై కూర్చుంది. తండ్రి బల్లలకీ కుర్చీలకీ పాలిష్ వేసే పని చేసేవాడు. నలభై దాటాక ఆయన కిడ్నీల నిండా నీటిబుడగలు లేచి, అవి పెరిగి పెరిగి పొట్ట ఉబ్బి, బీపీ నెత్తికెక్కి, నలభై ఆరో ఏట పోయాడు. అంతకుముందు నాయనమ్మ కూడా ఇంచుమించు అదే వయసులో అదే జబ్బుతో పోయింది. మేనత్త కూడా అలాగే. ముగ్గురిదీ ఒకటే ముఖం. పెదనాన్నది వేరే ముఖం, ఆయన యాభై దాటినా గుండ్రాయిలా ఉన్నాడు. ఇల్లంతా చుట్టాలతో నిండిన ఆ రోజున తండ్రి వైపు పెద్దావిడ ఒకావిడ ఇవన్నీ కలిపి చూసుకుంది. పంతొమ్మిదేళ్ళ ఈ కుర్రాడి గడ్డం పట్టుకుని, "అయ్యో నా తండ్రీ! ఆ ముఖం వచ్చినవాళ్ళకే ఆ రోగమూ వస్తోందిరా. నువ్వు జాగ్రత్త నాయనా," అని భోరుమంది.

ఆవిడ మర్నాడే ఆ మాట మర్చిపోయి ఉంటుంది. అతను మర్చిపోలేదు.

అప్పటి నుంచీ నలభై ఆరు అనే అంకె అతని ముందు గోడలా నిలబడింది. రోజూ పొద్దున స్నానం చేస్తూ నడుముకి రెండు పక్కలా వేళ్ళతో నొక్కి చూసుకునేవాడు. గట్టిగా ఏదైనా తగిలితే అదేనేమో అనుకునేవాడు, తగలకపోతే ఇంకా పైకి రాలేదనుకునేవాడు. స్కానింగ్ తీయించుకోమని ఎవరైనా అంటే, "ఉందని తెలిసిందే కదా, మళ్ళీ దానికి ఫొటో ఎందుకు?" అనేవాడు. పదంతస్తుల గోతిలో లిఫ్టు పెట్టె నెత్తిన నిలబడి, చేతిలో గ్రీజు డబ్బాతో ఈలవేసుకుంటూ కిందికి దిగే మనిషికి, ఆ చీకటిగదిలో బల్లమీద పడుకోవాలంటే మాత్రం కాళ్ళు వచ్చేవి కావు.

పెళ్ళికి ముందే ఆ అమ్మాయికి సంగతి చెప్పేశాడు. ఆమె కొరియర్ ఆఫీసులో కౌంటర్ దగ్గర పనిచేసేది. ఆ భవనంలో లిఫ్టు చెడిపోయినప్పుడల్లా ఇతను వెళ్ళేవాడు, కొన్నాళ్ళకి చెడిపోకపోయినా వెళ్ళేవాడు. ఓ సాయంత్రం బస్టాపు బెంచీ మీద కూర్చుని, తలొంచుకుని, "నేను నలభై ఆరు దాటను. ముందే చెప్పడం మంచిది," అన్నాడు.

ఆమె అతని వైపు తిరిగింది. "మీకిప్పుడెంత?"

"ఇరవై ఏడు."

"అయితే ఇంకా ఆలస్యం చేస్తే ఎలాగండీ? ముహూర్తాలూ గిహూర్తాలూ అని కూర్చోకుండా కానిచ్చేద్దాం," అంది.

ఏడాది తిరిగాక కూతురు పుట్టింది. నర్సు పాపని గుడ్డలో చుట్టి తెచ్చి, ముఖం మీది గుడ్డ తొలగించి, "అచ్చు గుద్దినట్టు నాన్నే!" అంది. అందరూ నవ్వారు. అవే కనుబొమలు, గడ్డం మీద అదే నొక్కు. అతను కూడా నవ్వబోయి, నవ్వు రాక, వరండాలోకి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆనందం పట్టలేక ఏడుస్తున్నాడనుకున్నారు అందరూ. ఎందుకో భార్యకి తెలుసు. ఆమె ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు.

అలా ఏళ్ళు గడిచాయి. సూపర్‌వైజర్‌గా వెళ్ళమంటే వద్దన్నాడు. కొత్త వస్తువు కొనాలంటే చేయి వెనక్కి పోయేది. "మన్నికైనవి మనకెందుకు?" అనేవాడు సరదాకి అన్నట్టు. ఇంట్లో ఎవరికీ అది సరదాగా ఉండేది కాదు.

అతనికి నలభై ఒకటో ఏడు నడుస్తుండగా ఓ మధ్యాహ్నం ఫోనొచ్చింది. అప్పుడతను లిఫ్టు గోతి అడుగున కూర్చుని స్ప్రింగు తుడుస్తున్నాడు. చేసింది బావ. అక్క డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పే టీచరు. పక్కసీట్లో కూర్చుని ఎవరికో బండి వెనక్కి తీయడం నేర్పుతూ, "క్లచ్చమ్మా, క్లచ్చు!" అని అరుస్తూ అరుస్తూనే ముందుకి వాలిపోయిందట. ఆస్పత్రిలో చూస్తే బీపీ ఆకాశంలో ఉంది. స్కానింగ్ తీస్తే రెండు కిడ్నీల నిండా బుడగలు.

"బావా, ఆ రిపోర్టు ఎవరిదో మారిపోయి ఉంటుంది," అన్నాడతను. "అది నాది అయి ఉండాలి."

"నీదెలా అవుతుందయ్యా? నువ్వు అసలు తీయించుకుంటే కదా!"

రిపోర్టు మారలేదు. తల్లి ముఖంతో పుట్టిన అక్కకి తండ్రి జబ్బు వచ్చింది. మందులతో రెండేళ్ళు లాక్కొచ్చారు. ఆ తర్వాత కిడ్నీలు చేతులెత్తేశాయి. డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు ఆవిడ ఆ మిషను పక్కన మంచం మీద పడుకుని, పక్కమంచం వాళ్ళకి ట్రాఫిక్ రూల్సు చెబుతూ ఉండేది. కానీ చెప్పే మాటల మధ్య ఖాళీలు పెరుగుతున్నాయి. అది అతను గమనించాడు.

ఎవరైనా ఒక కిడ్నీ ఇస్తే మనిషి తేరుకుంటుందన్నారు. బావ ముందుకొచ్చాడు, కానీ ఆయనకి షుగరు. అక్క కొడుకు ఇస్తానన్నాడు. ఇరవై ఒక్కేళ్ళవాడు, అప్పుడే కాలేజీ ముగించాడు. "నీకు కూడా అదే జబ్బు ఉందో లేదో ముందు తేలాలి బాబూ. నీ వయసుకి స్కానింగు బాగున్నా అది చాలదు," అంది డాక్టరమ్మ. అక్క అయితే ఆ మాట సాగనివ్వనే లేదు. "వాణ్ణి ముట్టుకుంటే ఈ సూదులన్నీ పీకేసి పారిపోతా," అంది.

తమ్ముణ్ణి ఎవరూ అడగలేదు. అతనికీ ఉందనేది ఆ ఇంట్లో అందరికీ గోడకి కొట్టిన మేకంత ఖాయం. అడక్కపోవడం కూడా వాళ్ళకి ఒక మర్యాద.

ఒక ఆదివారం అతను వంటగది గుమ్మంలో కూర్చుని చెప్పులు కుట్టుకుంటున్నాడు. భార్య ఇస్త్రీ చేస్తోంది. పదోతరగతి చదివే కూతురు పరీక్షకని పాఠం బిగ్గరగా వల్లె వేస్తోంది. బఠాణీ మొక్క పొడుగు ఒక లక్షణం, గింజ రంగు ఇంకో లక్షణం, ఒకటి ఎటు వెళితే రెండోది కూడా అటే వెళ్ళాలని లేదు, దేని దారి దానిదే అని. చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"నాన్నా, అత్తది మీ అమ్మ పోలిక కదా? మరి అత్తకి మీ నాన్న జబ్బెలా వచ్చింది?"

"ఏమోనమ్మా. వచ్చింది."

"అంటే ముఖం దారి ముఖానిది, జబ్బు దారి జబ్బుది. అంతేగా?"

"అంతేనేమో."

"అయితే నీకుందని ఎవరు చెప్పారు?"

అతని చేతిలో సూది ఆగిపోయింది. ఇస్త్రీపెట్టె కూడా ఆగింది. "చెప్పండి," అంది భార్య, చొక్కా కాలుతున్న వాసన వస్తున్నా చూసుకోకుండా. "ఎవరు చెప్పారు?"

చెప్పడానికి అతని దగ్గర ఒక ముసలావిడ ఏడుపు తప్ప ఇంకేమీ లేదు.

డాక్టరమ్మ గదిలో కూర్చుని ఆ ముఖం సంగతి అంతా చెప్పాడు. ఆమె నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు.

"చూడండి, మనలో ప్రతి జన్యువూ జంటగా ఉంటుంది. ఒకటి అమ్మిచ్చింది, ఒకటి నాన్నిచ్చింది. మీ నాన్నగారి జంటలో ఒకటి మంచిది, ఒకటి చెడిపోయింది. బిడ్డకి ఆ రెంటిలో ఒకటే ఇవ్వగలరు. మీ అక్కగారికి చెడిపోయింది వచ్చింది. మీకేది వచ్చిందో ఆవిణ్ణి చూసి చెప్పలేం. బొమ్మాబొరుసు లాంటిది, ప్రతి బిడ్డకీ మళ్ళీ కొత్తగా ఎగరేయాల్సిందే. ఇక ముఖమంటారా, అది ఎన్నో జన్యువులు కలిసి చేసే పని. ముఖం చూసి కిడ్నీని చెప్పడమంటే తలుపు రంగు చూసి ఇంట్లో ఎవరున్నారో చెప్పినట్టు."

"మా ఇంట్లో ముగ్గురికీ కలిసొచ్చాయి కదండీ, ముఖమూ జబ్బూ?"

"కలిసొచ్చాయి. అంతే. నాలుగోసారి మీ అక్కగారి దగ్గర విడిపోయాయిగా? పదండి, చూద్దాం."

పొట్టమీద చల్లటి జిగురు పూసినప్పుడు ఒళ్ళు ఝల్లుమంది. తెరవైపు చూడకుండా పైకప్పునే చూస్తూ పడుకున్నాడు. ఇటు తిరగమంటే తిరిగాడు. ఊపిరి బిగబట్టమంటే బిగబట్టాడు, వదలమన్నా వదల్లేదు.

"ఊపిరి వదలండి మహానుభావా," అంది డాక్టరమ్మ. "రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఒక్క బుడగ కూడా లేదు."

"మళ్ళీ చూడండి."

ఆమె విసుక్కోకుండా మళ్ళీ చూసింది. తెర అతనివైపు తిప్పి చూపించింది. చిక్కుడుగింజ ఆకారంలో బూడిదరంగు నీడ, నున్నగా ఉంది. ఆ పక్కన ఇంకోటి. తండ్రి స్కానింగ్ ఫొటో అతనికి ఇంకా గుర్తుంది. అది ద్రాక్షగుత్తిలా ఉండేది.

లేచి కూర్చున్నాడు. చొక్కా బొత్తాలు పెట్టుకున్నాడు. సంతోషం పైకి రాబోయింది గానీ దాన్ని ఇంకో భయం ఆపేసింది.

"డాక్టరుగారూ, మా అక్క కొడుక్కి పిల్లికళ్ళండీ. అక్కవీ బావవీ నల్లటి కళ్ళే. ఏ తాత కళ్ళో మధ్యలో అందరినీ దాటుకుని వచ్చాయన్నారు. ఇది కూడా అలాగే నాలో చప్పుడు చేయకుండా కూర్చుని, మా పాప దగ్గర బయటికొస్తే?"

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మంచి ప్రశ్నే. పిల్లికళ్ళు చాలావరకు అలా దాక్కుని వచ్చేవే. వాటిని అంతర్గత లక్షణాలంటారు. ఒక్క కాపీ ఉంటే నల్లకళ్ళ చాటున నక్కి ఉంటుంది. తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి నక్కి ఉండి, రెండూ ఒకే బిడ్డకి వస్తే అప్పుడు కనిపిస్తుంది. మీ ఇంటి జబ్బు తీరు అది కాదు. ఇది బహిర్గతం. పక్కన మంచి కాపీ ఉన్నా సరే, చెడ్డది ఒక్కటి చాలు, బయటపడటానికి. మీ వయసు దాకా ఒక్క బుడగ కూడా లేకుండా ఇది దాక్కోలేదు. మీ దగ్గరే లేనిది మీ పాపకి మీరెక్కణ్ణుంచి తెచ్చిస్తారు?"

"అర్థమైందండీ. మా లిఫ్టులో తాళ్ళుంటాయి. ఒకటి పాడైనా మిగతావి మోస్తాయి, ఎక్కినవాళ్ళకి తెలియను కూడా తెలియదు. పిల్లికళ్ళు అలాంటివి. కానీ తలుపులు అలా కాదు. ఏ అంతస్తులోనైనా ఒక్క తలుపు సరిగా పడకపోతే చాలు, లిఫ్టు మొత్తం ఆగిపోతుంది. ఇది ఆ తలుపు లాంటిది."

"బాగానే ఉంది గానీ, నేను రోజూ ఎక్కే లిఫ్టులో తాడు పాడైనా తెలియదని మీరు నాకు చెప్పకుండా ఉండాల్సింది," అంది డాక్టరమ్మ. అప్పుడు నవ్వాడతను. ముందు ఒక కన్ను, ఆ తర్వాత రెండోది.

అక్క జన్యువులో దొరికిన మార్పు అతనిలోనూ ఉందేమోనని డాక్టరమ్మ అతని రక్తం కూడా పరీక్షకి పంపింది. కొన్ని వారాలకి అదీ లేదనే వచ్చింది. అతనికి మాత్రం ఆ మొదటిరోజే లోకం మారిపోయింది. మెట్లమీద కూర్చుని భార్యకి ఫోను చేశాడు.

"నాకు లేదట."

అవతల ఆమె కౌంటర్ దగ్గరుంది. వెనకాల ఎవరో "మేడమ్, నా పార్సెలు..." అంటున్నారు.

"ఇంకోసారి చెప్పండి," అంది.

"నాకు లేదు."

"ఇంకోసారి."

మూడోసారి చెప్పేసరికి అతనికే ఏడుపొచ్చింది. ఆమె కౌంటర్ ఎవరికి అప్పజెప్పిందో, అప్పజెప్పిందో లేదో, ఆటో దిగి పరుగున వచ్చింది. ఇద్దరూ ఆస్పత్రి మెట్లమీద పక్కపక్కన కూర్చున్నారు. వచ్చేపోయేవాళ్ళు జాలిగా చూసి తప్పుకుని వెళుతుంటే, ఆ జాలి చూసి ఇద్దరికీ నవ్వాగలేదు.

సాయంత్రం బడి దగ్గరికి తనే వెళ్ళాడు. కూతురు సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చి, తండ్రి ముఖం చూసి ఆగింది. "ఏమన్నారు?"

"నాకు లేదమ్మా. నీకూ రాదు."

"నాకూనా?" ఆ పిల్ల కనుబొమలు రెండూ ముడిపడ్డాయి. "నాకొస్తుందనుకున్నావా? ఎప్పట్నుంచి?"

"నువ్వు పుట్టిన రోజు నుంచి."

"నేను పుట్టిన రోజు నుంచీనా! ఒక్కసారైనా చెప్పొచ్చుగా నాన్నా!" అని కోపంగా సంచీ అతని చేతిలో కుక్కి ముందుకు నడిచింది. నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చి, అందరూ చూస్తున్నా లెక్కచేయకుండా అతని భుజానికి తల ఆనించింది. ఆ ముఖాన్ని అతను మొదటిసారి భయం లేకుండా చూసుకున్నాడు. చాలా బాగుందనిపించింది.

అక్కకి చెప్పడమే కష్టమైంది. మిషను పక్కన మంచం మీద ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. అతను చెప్పగానే కళ్ళు తెరిచింది. డయాలసిస్ మొదలైనప్పుడు కూడా ఏడవని మనిషి చెంపల మీదుగా నీళ్ళు కారిపోయాయి. తుడుచుకోవడానికి ఒక చేతికి సూదులు. రెండో చేత్తో తుడుచుకుని, అదే చేత్తో అతని నెత్తిన ఒకటి మొట్టింది.

"ఇన్నేళ్ళూ ఆముదం తాగిన మొహంతో తిరిగావు కదరా నా ముందు! ఎందుకు తిరిగినట్టు?"

"అక్కా, నాకు రావలసింది నీకొచ్చిందే..."

"నోర్మూయ్. నీకు రావలసింది ఏదీ లేదు. నాకొచ్చింది నాది. నువ్వేమీ నాకు అంటగట్టలేదు."

"సరే. అయితే ఒకటి నీకిస్తాను."

"అక్కర్లేదు. ఇవాళే కదా నీకు ప్రాణం లేచొచ్చింది! అప్పుడే పంచిపెట్టడానికి బయల్దేరావా?"

"ఇన్నేళ్ళూ రెండూ పోయాయనే అనుకున్నానక్కా," అన్నాడతను మెల్లగా. "రెండూ పోయినవాడికి ఒకటి మిగిలితే లాభమేగా?"

ఆ రోజుకి ఆవిడ నోటి మీద తమ్ముడే గెలిచాడు. ఆ తర్వాత వారం రోజులు రకరకాలుగా కాదంది. నీ పెళ్ళాం ఒప్పుకోదంది. మరదలు వచ్చి, "వదినా, నేను ఒప్పుకున్నాను, ఇంకేమైనా ఉందా?" అని అడిగింది. పాపకి తండ్రి కావాలంది అక్క. ఒక కిడ్నీతో కూడా మనిషి మామూలుగా బతుకుతాడని డాక్టరమ్మ చెప్పింది. చివరికి, "వీడి కిడ్నీ పెట్టుకుంటే నాకూ ఆ మొహమే వస్తుందేమో," అని గొణిగి తల ఊపింది. పరీక్షలన్నీ అయ్యాయి. రక్తాలు కలిశాయి.

ఆపరేషను రోజు పొద్దున ఇద్దరినీ పక్కపక్కన చక్రాల మంచాల మీద తీసుకెళ్ళారు. మత్తు వదిలి అతను కళ్ళు తెరిచేసరికి నడుము పక్కన నిప్పు పెట్టినట్టుంది. భార్య ముఖం మీదికి వంగి ఉంది. "అక్కకి?" అన్నాడు. ఆమె ఏదో చెప్పబోయేలోగా బావ లోపలికి దూసుకొచ్చాడు. కొత్త కిడ్నీ ఆపరేషను బల్లమీదే పని మొదలుపెట్టిందట. గొట్టంలోంచి సంచీలోకి మూత్రం ముందు చుక్కలుగా, ఆపైన ధారగా వస్తోందట. బావ ఆ సంచీ ఫొటో ఫోనులో తీసుకుని వార్డులో అందరికీ, ఆఖరికి ఊడ్చే మనిషికి కూడా, మనవడి ఫొటోలాగా చూపిస్తున్నాడు. "చూడవయ్యా, బంగారం!" అన్నాడు. నవ్వితే కుట్లు లాగుతున్నాయి. అయినా ఆగలేకపోయాడు.

కొన్ని నెలలకి అక్క మళ్ళీ డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళింది. మందులు వేళ తప్పకూడదు, జనంలోకి వెళితే మాస్కు పెట్టుకోవాలి. మాస్కు ఉన్నా ఆవిడ గొంతు వీధి చివరిదాకా వినబడేది.

ఓ ఆదివారం తమ్ముడు అక్కడికి వెళ్ళాడు. నేర్పే మైదానంలో పిట్టగోడ మీద అక్క కొడుకు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్కకి జరిగి చోటిచ్చాడు. ఎండకి ఆ పిల్లికళ్ళు చికిలించి, "మామయ్యా, నాకూ బొమ్మాబొరుసేగా?" అని అడిగాడు.

"అవునురా అల్లుడూ."

"పరీక్ష చేయించుకోమంటావా?"

తనకి మంచివైపు పడింది కాబట్టి ఇప్పుడు ధైర్యం చెప్పడం తేలికే అనుకున్నాడతను. "ఎప్పుడు తెలుసుకోవాలో అది నీ ఇష్టం. ఏటా బీపీ చూపించుకుంటే ప్రస్తుతానికి చాలని డాక్టరమ్మ కూడా అంది. ఉన్నా సరే, మా నాన్న రోజుల్లో లేని మందులు ఇప్పుడున్నాయి. కానీ నాలాగా చూడకుండానే ఉందని తీర్మానించుకుని, దానికి తగ్గట్టు బతికేయకు. అది మాత్రం వద్దు."

కుర్రాడు తల ఊపాడు. "ముందు బీపీ చూపించుకుంటా. మిగతాది ఉద్యోగంలో చేరాక. నువ్వు రావాలి నాతో."

"వస్తా. ఏ రోజైనా సరే."

ఇంతలో కారు వాళ్ళ ముందుకొచ్చి ఆగింది. నేర్చుకునేవాళ్ళని పంపేసి అక్కే నడుపుతోంది. కాళ్ళ వాపు లేదు, ముఖంలో రంగు తిరిగొచ్చింది. అద్దం దించి, "మామా అల్లుళ్ళ మంతనాలు అయ్యాయా? ఎక్కండి, ఆకలేస్తోంది," అంది. ఆకలేస్తోందని ఆవిడ అనడం విని ఎన్నాళ్ళయిందో! ఇద్దరూ ఎక్కారు. ఆవిడ వెనక్కి తిరిగి చూసి, బెల్టులు పెట్టుకునేదాకా బండి కదలదని చెప్పింది. పెట్టుకున్నారు. బండి కదిలింది.